గోడలు దాటు తరంగములు: ఇంటి వైఫైకి రక్షణము

2008వ సంవత్సరము జూలై 26వ తేదీ సాయంకాలము అహమ్మదాబాదు నగరమున వరుసగా బాంబులు ప్రేలి యాభైమందికి పైగా జనులు మరణించుటకు కొలది నిమిషములు ముందుగా, ఆ ఘాతుకమును తామే చేయుచున్నామని చాటుకొనుచు ఒక ఈమెయిలు వార్తాసంస్థలకు చేరినది. అది ఎచ్చటినుండి బయలుదేరినదో కనుగొనుటకై పోలీసులు దాని వెంట పోగా, ఆ జాడ నవీముంబయిలో సాన్‌పాడా యను పేటలో ఒక విదేశీయుడు అద్దెకుండిన ఫ్లాటు గుమ్మమున ఆగినది. ఆయన ఆ యుత్తరము వ్రాసినవాడు కాడు. ఆయన యింటి వైఫైని మఱియెవరో వాడుకొని, పని ముగించుకొని పోయిరి. ఆ యేడే ఆగస్టు నెలలో మాటుంగాలోని ఒక కళాశాల నెట్‌వర్కునుండియు, సెప్టెంబరు 13న ఢిల్లీలో బాంబులు ప్రేలిన వేళ చెంబూరులోని ఒక వ్యాపారసంస్థ నెట్‌వర్కునుండియు ఇట్టి యుత్తరములే వెడలినవి. పిమ్మట 2009 ఆరంభమున ముంబయి పోలీసులు వీధులు తిరిగి రక్షణలేని వైఫైలను వెదకి యజమానులను హెచ్చరింప మొదలిడిరి. అదే సంవత్సరమున కేంద్ర టెలికాం శాఖవారు, చందాదారుల వైఫైలు భద్రముగా నుండునట్లు చూడవలసినదని ఇంటర్నెట్టు సంస్థలకు ఆదేశములు పంపిరి.

ఇంతటి ఘోరము మన యింటికి ఎందుకు వచ్చునని పాఠకులు అనుకొనవచ్చును. రాకపోవుటయే అధికసంభావ్యము, సాధారణముగా జరుగు నష్టము పక్కింటి కుఱ్ఱవాడు మన డేటాతో సినిమాలు చూచుటతో ముగియును. అయినను, మన వైఫైనుండి వెలికిపోయిన ప్రతి మాటకును లోకమునకు కనబడు చిరునామా మనదే యన్న విషయము మాత్రము, ఆ మాట మంచిదైనను చెడ్డదైనను, మారదు.

తీగమీద పోవు సమాచారమును దొంగిలింపదలచినవాడు ఆ తీగ దగ్గరకు రావలెను. వైఫై సమాచారమో, సెకనుకు 240 కోట్ల పర్యాయములు గాని 500 కోట్ల పర్యాయములు గాని కంపించు రేడియో తరంగములపై నెక్కి, పొరుగింటి తిరగమోత ఘుమఘుమ మన వసారాలోనికి వచ్చినట్లు, ఇటుకగోడలను లెక్కచేయక మెట్లమీదికిని, పై అంతస్తునకును, వీధిలో నిలిపిన కారులోనికిని పోవుచునే యుండును. ఈ పౌనఃపున్యములలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సుతో నిమిత్తము లేకుండ ఎల్లరును వాడుకొనుటకు మన ప్రభుత్వము 2005లో అనుమతించిన పిదపనే యిండ్లలో రౌటర్లు విరివిగా వెలసినవి. ఇచ్చట గ్రహింపవలసిన మర్మము ఒకటి యున్నది: తరంగమును వినువాడు ఏమియు పంపనక్కఱలేదు గనుక, అతడు వినుచున్నాడని రౌటరునకు తెలియు ఉపాయమే లేదు. వినకుండ ఆపజాలము, విన్నను అర్థము కాకుండ చేయుట యొక్కటియే మన చేతిలోని పని. ఆ పనికే గుప్తీకరణమని, వాడుకలో ఎన్‌క్రిప్షన్ అని పేరు.

1997లో 802.11 అను ప్రమాణము వెలువడినప్పుడే దానితోపాటు వెప్ అను గుప్తీకరణ పద్ధతియు పుట్టినది. దానికి ఆధారమైన ఆర్‌సీ4 అను యంత్రాంగమును రొనాల్డ్ రివెస్ట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1987లో రచించెను. ఒక రహస్యసంఖ్యను, అనగా కీని, దానికి అందించినచో అది సున్నలును ఒకట్లును యాదృచ్ఛికముగా కనబడు ఒక దీర్ఘధారను స్రవింపజేయును. మన సందేశములోని ప్రతి బిట్టును, అనగా ప్రతి సున్నను గాని ఒకటిని గాని, ఆ ధారలోని బిట్టుతో పోల్చి, రెండును ఒకటే యైనచో 0 అనియు, వేఱైనచో 1 అనియు వ్రాసి పంపుదురు. అవతలివాడు అదే కీతో అదే ధారను పుట్టించి అదే పోలికను మరల చేసినచో మూలసందేశము బయటపడును. ఇంత సులభమైన ఉపాయము నిజముగా దుర్భేద్యము కావలెనన్నచో ఒకే నియమము పాటింపవలెను: ఒకసారి వాడిన ధారను రెండవసారి వాడరాదు. వాడినచో, ఆ రెండు గుప్తసందేశములను ఒకదానితో నొకటి పోల్చినంతనే ధార రెండువైపుల రద్దయి, రెండు మూలసందేశముల మిశ్రమము మాత్రము మిగులును. అందొకటి తెలిసెనా, రెండవది తెలిసినట్లే. ఇంటర్నెట్టు సందేశముల తలభాగములు ఎప్పుడును ఇంచుమించు ఒక్కతీరున నుండును గనుక, కొంత తెలియుట ఏమంత కష్టము కాదు.

వెప్‌ను నిర్మించినవారు ఈ నియమమును ఎఱుగనివారు కారు. అందుచేతనే ప్రతి సందేశమునకు 24 బిట్ల సంఖ్య నొకదానిని కొత్తగా తీసి, కీకి ముందు జోడించి, ప్రతిసారి వేఱు ధార వచ్చునట్లు ఏర్పాటు చేసిరి. అయితే 24 బిట్లతో ఏర్పడు సంఖ్యలు మొత్తము 1,67,77,216 మాత్రమే. వినుటకు ఇది పెద్ద సంఖ్యయే గాని, తీరికలేకుండ పనిచేయు నాటి నెట్‌వర్కునకు ఇవన్నియు తీరిపోవుటకు అయిదారు గంటలు చాలును. ఆ సంఖ్యలను వరుసగా గాక ఇష్టము వచ్చినట్లు తీసినచో, సుమారు అయిదువేల సందేశములు పోవునప్పటికే ఏదో ఒకటి రెండవసారి వచ్చుటకు సగము అవకాశమున్నది. బర్కిలీ విశ్వవిద్యాలయ పరిశోధకులు బొరిసోవ్, గోల్డ్‌బర్గ్, వాగ్నర్ అనువారలు 2001లో ఈ దోషమును బయటపెట్టిరి. అదే యేట ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అను మువ్వురు గణితజ్ఞులు అంతకన్న లోతైన గాయమును చూపిరి: బాహాటముగా పంపబడు ఆ 24 బిట్ల సంఖ్యలలో కొన్నిటికి, పుట్టిన ధారయొక్క మొదటి అక్షరమే కీలోని అంశమును వెల్లడించుచుండును, అట్టివానిని ఓపికతో ప్రోగుచేసికొన్నచో సందేశములే గాక కీ యంతయు చేతికి వచ్చును. 2007 నాటికి జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరపు పరిశోధకులు 40,000 సందేశములు వినినంత మాత్రమున, సగము సందర్భములలో, ఒక్క నిమిషములోపల కీని రాబట్టగలిగిరి.

ఇది విద్వాంసుల వినోదముగా మిగులలేదు. టీజేఎక్స్ అను అమెరికా వాణిజ్యసంస్థ తన దుకాణములలో వెప్ రక్షణతోనే వైఫైని నడుపుచుండగా, 2005లో దొంగలు ఆ దారిని లోనికి జొరబడి, బయటపడులోపల 4 కోట్ల 57 లక్షల చెల్లింపు కార్డుల వివరములను తరలించుకొనిపోయిరి. ఆ ముఠానాయకునికి 2010లో ఇరువది సంవత్సరముల కారాగారశిక్ష పడినది. వెప్ బలహీనమని లోకమునకు 2001లోనే తెలిసియుండెనని గుర్తుంచుకొన్నచో, ఆ సంస్థపై జాలికన్న విస్మయమే ఎక్కువ కలుగును.

వెప్ పతనమైన పిదప 2003లో డబ్ల్యూపీఏ వచ్చెను. అది పాత యంత్రములలోనే, పాత ఆర్‌సీ4 తోనే నెట్టుకొనివచ్చుటకు కల్పించిన తాత్కాలికోపాయము. దానిని గూర్చి విస్తరింపనక్కఱలేదు. 2004లో వెలసిన డబ్ల్యూపీఏ2 తోనే అసలైన రక్షణము మొదలైనది. అందలి గుప్తీకరణము ఏఈఎస్. ఇది పుట్టిన విధము ప్రశంసనీయము. అమెరికా ప్రమాణసంస్థ 1997లో లోకమునందలి గూఢలేఖన పండితులనందఱను పోటీకి పిలువగా, పదునైదు పద్ధతులు బరిలోనికి వచ్చినవి. ఒకరి పద్ధతి నొకరు బహిరంగముగా విమర్శించి, ఛేదింప యత్నించి, మూడేండ్లు వాదించుకొనిన పిమ్మట, బెల్జియము దేశీయులు యోన్ డామెన్, విన్సెంట్ రైమెన్ రచించిన పద్ధతి 2000లో నెగ్గి, మఱుసటి యేట ప్రమాణమైనది. పద్ధతిని దాచుటవలన గాక కీని దాచుటవలననే రక్షణ కలుగవలెనని ఆగస్ట్ కెర్కాఫ్స్ అను గూఢలేఖన పండితుడు 1883లోనే చెప్పియుండెను. ఆ సూత్రమునకు ఇంతకన్న గొప్ప నిదర్శనము నాకు కనబడదు: ఏఈఎస్ ఎట్లు పనిచేయునో నేడు కళాశాల విద్యార్థికిని తెలియును, అయినను దానిని ఎదుర్కొని బద్దలుకొట్టినవారు లేరు. 2006 మార్చినుండి వైఫై ముద్ర పొందదలచిన ప్రతి కొత్త పరికరమునకును డబ్ల్యూపీఏ2 తప్పనిసరి యైనది గనుక, ఆ పిదప ముద్ర పొందిన రౌటరు మీ యింట నున్నచో, గణితజ్ఞులు తమ వంతు చేసి ముగించినట్లే.

మిగిలిన వంతు గృహస్థునిది. అచ్చటనే కథ యంతయు చెడుచున్నది.

మనము రౌటరులో పెట్టిన సంకేతపదము, అనగా పాస్‌వర్డు, ఎప్పుడును గాలిలో పోదు. ఫోనును రౌటరును వేఱువేఱుగా, ఆ పదమును నెట్‌వర్కు పేరుతో కలిపి, 4,096 పర్యాయములు ఒక గణితపు గానుగలో త్రిప్పి, 256 బిట్ల మూలకీని తయారుచేసికొనును. పిదప చెరియొక యాదృచ్ఛిక సంఖ్యను పంపుకొని, నాలుగు సందేశములలో, ఇద్దఱికిని అదే కీ యున్నదని ఒకరికొకరు నిరూపించుకొందురు. ఎంతయో చక్కని ఏర్పాటు. కాని ఆ నాలుగు సందేశములను వీధిలోనివాడు పట్టి దాచుకొన్నచో, ఇంటికి పోయి, నిదానముగా, పదము తరువాత పదము ఊహించి, అదే గానుగలో త్రిప్పి, ఫలితము సరిపోవునో లేదో చూచుకొనవచ్చును. అతడు వేయుచున్న ఊహలు మనకు గాని రౌటరునకు గాని తెలియవు, అతనిని ఆపువారు లేరు. ఆటల కొఱకు అమ్ము గ్రాఫిక్సు కార్డులలో మేలైనది ఒక్కటి యున్నచో సెకనుకు పది లక్షల ఊహలు పరీక్షింపవచ్చును.

ఇప్పుడు మన యిండ్ల అలవాట్లను ఈ లెక్కలో పెట్టి చూతము. మన దేశపు మొబైలు నంబరు పది అంకెలది, 6 మొదలు 9 వఱకు ఏదో అంకెతో మొదలగును; కావున అట్టివి నాలుగువందల కోట్లకు మించవు. సెకనుకు పది లక్షల చొప్పున అన్నియు పరీక్షించుటకు పట్టుకాలము 4,000 సెకన్లు, అనగా గంటా ఏడు నిమిషములు. అంకెలతో వ్రాసిన పుట్టినతేదీ సంగతి మఱింత విషాదకరము: నూఱేండ్లలోని దినములన్నియు కలిపి 36,525 మాత్రమే గనుక, ఱెప్పపాటులో దొరకిపోవును. అయినను కనెక్షను బిగించుటకు వచ్చిన కుఱ్ఱవాడు, తొందరలో, చందాదారుని ఫోను నంబరునే పాస్‌వర్డుగా పెట్టి, మీకు గుర్తుండుటకు సులభముగా నుండునండీ అని చెప్పి పోవుట మన ఊళ్లలో పరిపాటి. పిల్లల పేరు వెంట 123, ఇష్టదైవము పేరు వెంట 108, బండి నంబరు, ఇవన్నియు ఊహించువాని పట్టికలో మొదటి పుటలోనే యుండును.

దీనికి విరుగుడు కఠినమైనది కాదు. చిహ్నములు, పెద్దక్షరములు కలగలిపి తమకే గుర్తుండని వికారశబ్దము నొకదానిని సృష్టించుటకన్న, పరస్పరసంబంధము లేని అయిదు తెలుగు మాటలను రోమను లిపిలో వరుసగా వ్రాయుట ఉత్తమము. నిఘంటువును కనులు మూసికొని అయిదు చోట్ల తెఱచి, వేలు పడిన మాటలను తీసికొనుడు: గుమ్మడి, తెరచాప, వియ్యంకుడు, గవ్వ, వేపుడు అనుకొందము. ఊహించువానికి మన పద్ధతియంతయు తెలిసి, మనము వాడిన అయిదువేల మాటల పట్టికయు చేతిలోనున్నను, సెకనుకు పదిలక్షల చొప్పున అన్ని కూర్పులను పరీక్షించుటకు అతనికి దాదాపు లక్ష సంవత్సరములు పట్టును. మాటలను మనసుకు తోచినట్లు గాక యాదృచ్ఛికముగా తీయుటయే ఇందలి రహస్యము. సామెతలు, సినిమా పాటల పల్లవులు, శతకపద్యముల మకుటములు ఎంత దీర్ఘమైనను పనికిరావు, అవి ఎల్లరి నోట నున్నవే గదా. పైని చెప్పిన అయిదు మాటలును అట్లే పనికిరావు, పత్రికలో అచ్చుపడినవి.

సంకేతపదము ఎంత గట్టిదైనను దానిని వ్యర్థము చేయగల పెరటిదారి యొకటి పలు రౌటర్లలో నున్నది. పాస్‌వర్డు టైపు చేయు శ్రమ తప్పించుటకై కల్పించిన డబ్ల్యూపీఎస్ అను సౌకర్యములో ఎనిమిది అంకెల పిన్ను ఉండును. ఎనిమిది అంకెలనగా పది కోట్ల కూర్పులని మనము అనుకొందుము. కాని రౌటరు మొదటి నాలుగంకెలు సరియా కాదా యని వేఱుగా చెప్పివేయును. చివరి అంకె తక్కినవానినుండి లెక్కకట్టి రాబట్టునది. కావున మిగిలిన మూడంకెల వేయి కూర్పులను మొదటి పదివేలకు కలుపగా మొత్తము 11,000 ప్రయత్నములతో ద్వారము తెఱచుకొనును. 2011 డిసెంబరులో ష్టెఫాన్ వీబ్యోక్ అను పరిశోధకుడు దీనిని లోకమునకు చాటెను. సౌకర్యము పేరిట గణితమును ఇంత దారుణముగా ఖండించిన ఉదాహరణము మఱియొకటి అరుదు. రౌటరు అమరికలలో ఈ డబ్ల్యూపీఎస్‌ను ఆపివేయుటయే కర్తవ్యము.

కొందఱు నెట్‌వర్కు పేరును కనబడకుండ దాచి, మఱికొందఱు తమ పరికరముల గుర్తింపు సంఖ్యలనే రౌటరులో నమోదుచేసి, నిశ్చింతగా నుందురు. పేరును దాచినను మన ఫోను రౌటరుతో కలిసికొనునప్పుడు దానిని పలుకకతప్పదు. పరికరముల సంఖ్యలు ప్రతి సందేశము తలకట్టున బాహాటముగానే పోవుచుండును. ఇవి రెండును ఒట్టి భ్రమలు.

2017 అక్టోబరులో డబ్ల్యూపీఏ2 పైనను ఒక దెబ్బ పడినది. బెల్జియములోని లూవెన్ విశ్వవిద్యాలయమున మాతీ వాన్‌హోఫ్ కనుగొన్నదేమనగా, ఆ నాలుగు సందేశములలో మూడవదానిని ఎవరైన పట్టి మరల పంపినచో, ఫోను దానిని కొత్తదని నమ్మి, అదే కీని మరల స్థాపించుకొని, సందేశముల లెక్కను మొదటికి తెచ్చుకొనుచున్నది. లెక్క మొదటికి వచ్చిన ఫలము పాఠకులు ఊహింపగలరు: వాడిన ధారయే మరల వాడబడును. వెప్‌ను చంపిన జబ్బే, ఏఈఎస్‌లో దోషమేమియు లేకున్నను, పక్కదారిని తిరిగివచ్చినది. క్రాక్ అని పేరుపడిన ఈ లోపమును ఫోన్ల, కంప్యూటర్ల సాఫ్ట్‌వేరును సవరించి పూడ్చిరి. అప్‌డేటు చేయుమని ఫోను అడుగుచుండగా రేపు చూతమని త్రోసివేయువారు, ఏ గొయ్యి పూడ్చబడుచున్నదో తెలిసినచో అంత తేలికగా త్రోసివేయరు.

2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3, నేను పైని చెప్పిన ఊహల బాధను చాలవఱకు తీర్చినది. ఇందులో ఒక్కొక్క ఊహకును రౌటరుతో ప్రత్యక్షముగా సంభాషింపవలసి యుండును. పట్టి దాచుకొన్న సందేశములతో ఇంట కూర్చొని లక్షల ఊహలు వేయుట కుదరదు. అంతియే గాక, నేటి సంభాషణను దాచుకొన్నవానికి రేపు పాస్‌వర్డు తెలిసినను పాత సంభాషణ విప్పుకొనదు. డబ్ల్యూపీఏ2లో ఈ గుణము లేదు. పాస్‌వర్డు తెలిసి, మన ఫోను కలిసికొనిన వేళ ఆ నాలుగు సందేశములను వినియున్నవాడు, ఆ గుప్తీకరణమును విప్పగలడు. కావున అపార్టుమెంటులోని పదిమందికి చెప్పిన పాస్‌వర్డు రహస్యము కాదనియే ఎంచవలెను. ఆ వాన్‌హోఫే ఎయాల్ రోనెన్‌తో కూడి 2019లో డబ్ల్యూపీఏ3లోను లోపములు చూపెను గాని, అవి సవరింపబడినవి. నేడు కొత్త రౌటరు కొనువారు డబ్ల్యూపీఏ3 యున్నదానినే కొనదగును.

ఈ రక్షణకు మేర యున్నదనియు చెప్పవలెను. వైఫై గుప్తీకరణము ఫోనునుండి రౌటరు వఱకే. అచ్చటినుండి సముద్రములు దాటి పోవు దారిలో మన బ్యాంకు లావాదేవీని కాపాడునది బ్రౌజరులో చిరునామాకు ముందుండు హెచ్‌టీటీపీఎస్. అట్లే, ఇంటిలోనికి మనమే తెచ్చిపెట్టుకొనిన చౌకరకపు కెమెరానుండి వచ్చు ప్రమాదమును వైఫై పాస్‌వర్డు ఆపజాలదు. 2016లో మిరాయ్ అను దుష్టప్రోగ్రాము, కర్మాగారమున పెట్టిన పాస్‌వర్డులను ఎవరును మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షలకొలది వశపఱచుకొని వానిచేతనే ఇంటర్నెట్టుపై దాడి చేయించెను. కెమెరాలను, టీవీలను, వచ్చిపోవు చుట్టములను, రౌటరు వేఱుగా నడుపు గెస్ట్ నెట్‌వర్కు నందుంచి, కుటుంబపు కంప్యూటర్లను వేఱుగా నుంచుట అందువలననే మంచిది.

చేయవలసిన పని పెద్దది కాదు. రౌటరు అడుగున అంటించిన చీటీమీద 192.168.1.1 వంటి అంకెల చిరునామాయు, అడ్మిన్ అను పేరును ఉండును. ఆ చిరునామాను బ్రౌజరులో కొట్టి లోపలికి పోయి, మొదట ఆ అడ్మిన్ పాస్‌వర్డునే మార్చి, వైర్‌లెస్ సెక్యూరిటీ అను చోట డబ్ల్యూపీఏ3 గాని, పాత ఫోన్లున్నచో ఏఈఎస్‌తో కూడిన డబ్ల్యూపీఏ2 గాని ఎన్నుకొని, డబ్ల్యూపీఎస్‌ను ఆపి, అయిదు మాటల సంకేతపదమును పెట్టి, నెట్‌వర్కునకు ఇంటినంబరు గాని ఇంటిపేరు గాని కాని వేఱొక పేరు పెట్టినచో అరగంటలో ముగియును. ఇది చేతకాని వృద్ధులు ఇంట నున్నచో, సెలవులకు వచ్చిన మనుమలచేత చేయించుకొనుడు. మార్చిన పిమ్మట టీవీ మొదలు కెమెరా వఱకు ప్రతి పరికరమునకును కొత్త పదమును మరల చెప్పవలసివచ్చును; ఆ విసుగునకు సిద్ధపడి, తీరికయున్న ఆదివారమున ఈ పనికి పూనుకొనవలసినదని మనవి.